వంటగది గడప దాటని జాలి



అమెరికా దేశపు రచయిత్రి హార్పరు లీ 1960వ సంవత్సరమున ప్రకటించిన నవల ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’. మరుసటి యేటనే దానికి పులిట్జరు బహుమానము లభించెను. అందలి న్యాయస్థానపు ఘట్టము లోకప్రసిద్ధము. కాని గృహిణులమగు మనము నిదానించి చదువవలసిన ఘట్టము వేఱొకటి కలదు. అది యొక యింటి ముందుగదిలోను, వంటగదిలోను జరిగినది.

కథాకాలము 1930 తరువాతి కఱవు దినములు. అలబామా రాష్ట్రమున మేకోంబ్ అను కల్పిత పట్టణము. అందు ఆటికస్ ఫించ్ అను న్యాయవాది భార్యను గోల్పోయి, కుమారుడు జెమ్‌తోను కుమార్తె స్కౌట్‌తోను కాపుర ముండెను. పిల్లలను పెంచినది కల్పూర్నియా యను నల్లజాతి వంటకత్తె. టామ్ రాబిన్సన్ అను నల్లజాతి కూలివాడు మయెల్లా యను తెల్లజాతి యువతిని చెఱచెనని నేరము మోపబడగా, ఆటికస్ అతని పక్షమున వాదించెను. ఆమె ముఖముపై గాయములు ఎడమచేతివాటము గలవాడు కొట్టినట్లుండెను. టామ్ ఎడమచేయియో చిన్ననాడే ప్రత్తియంత్రమునబడి పనికిరాకపోయెను. అయినను జూరీవారు అతడు దోషియనియే చెప్పిరి.

ఆ విచారణలో నొక మాట గమనింపదగినది. కూలి పుచ్చుకొనక మయెల్లాకు పని యేల చేసిపెట్టితివని యడుగగా, ఆమె యొంటరికష్టము చూచి జాలిపడితినని టామ్ చెప్పెను. సభవారికి ఆ జాలియే సహింపరానిదాయెను. తెల్లవారు నల్లవారికై జాలిపడవచ్చునట. నల్లవాడు తెల్లపిల్లకై జాలిపడరాదట! దురభిప్రాయమనగా ద్వేషము మాత్రమే కాదు. ఎవరు ఎవరిపై జాలిపడవచ్చునో కూడ అదియే నిర్ణయించును.

తీర్పు తరువాత ఆగస్టు మాసమున ఆటికస్ సోదరి అలెగ్జాండ్రా మతప్రచార సంఘపు స్త్రీలను ఫలహారమునకు పిలిచెను. వారిలో శ్రీమతి మెర్రివెదర్ ఆఫ్రికాయందలి మ్రూనాలను జాతివారి దుర్దశ తలచి కన్నులు చెమర్చుకొనెను. ఆ తడి యాఱకమునుపే, తన యింటి నల్లజాతి వంటమనిషి తీర్పు మొదలు ముఖము ముడుచుకొని తిరుగుచున్నదని సణిగెను. వారమునకు ఒకటింబావు డాలరు లేక గడవదు గనుకనే దానిని ఉంచుకొంటినని గొప్ప చెప్పుకొనెను. తనవానికి జరిగిన యన్యాయమునకు ఆ మనిషి దుఃఖించుచున్నదేమో యను తలంపే ఆమెకు రాలేదు. ఆమె జాలి సముద్రములు దాటెను గాని వంటగది గడప దాటలేదు.

అంతలో ఆటికస్ వచ్చి, చెఱసాలనుండి పాఱిపోజూచిన టామ్‌ను కావలివారు కాల్చిచంపిరని వంటగదిలో తెలిపెను. అతని దేహమున 17 గుండ్లు తగిలినవి. టామ్ భార్య హెలెన్‌కు ఈ వార్త చెప్పుటకు కల్పూర్నియాను తోడు గొనిపోయెను. ముందుగదిలో మాటలు యథాప్రకారము సాగుచునే యున్నవి. అలెగ్జాండ్రా, స్కౌట్ కలత దిగమ్రింగి, ఫలహారములు చేతబట్టి మరల అతిథులయొద్దకు నడచిరి.

ఇతరుల స్థానమున నిలిచి చూడనిదే వారిని తెలిసికొనలేమని ఆటికస్ కూతునకు బోధించెను. కాని యా పాఠమును స్కౌట్‌కు మొదట వంటగదిలో నేర్పినది కల్పూర్నియాయే. పేదబాలుడొకడు వారింట భోజనమున కూరలన్నిటిపై తీపిపానకము పోసికొనగా స్కౌట్ వెక్కిరించెను. కల్పూర్నియా ఆమెను లోనికి పిలిచి, మన గడప త్రొక్కినవాడెవడైనను అతిథియేయని చీవాట్లు పెట్టెను. తరువాత నొక ఆదివారము ఆమెవెంట నల్లవారి ప్రార్థనామందిరమునకు పోయినప్పుడు గాని, ఆమెకు తమ యింటి వెలుపల వేఱొక జీవితము కలదని స్కౌట్‌కు తోచలేదు.

గ్రంథమున నొక లోటు కలదు. హెలెన్ యింటికి పోవు దారిలో కల్పూర్నియా మనస్సు ఏమనుకొనెనో రచయిత్రి చెప్పలేదు. దానిని ఊహించుట పాఠకురాలి వంతు.

పనిమనిషికి వేఱు గ్లాసు, వేఱు కంచము ఉంచు ఇండ్లు నేటికిని మన నడుమ కలవు. దూరదేశపు దుఃఖవార్త చదివి మనము కంటతడి పెట్టుట తప్పు గాదు. అయితే మన యంట్లు తోము మనిషి నేడేల మాటలాడకున్నదో, ఆమె బిడ్డకు జ్వరము తగ్గెనో లేదో అడిగితిమా? అడిగి, చెప్పువఱకు కూర్చుండి వింటిమా?