ఘోషాలో ఫొటో

ముఖం పరాయి మగవాడి కంట పడకూడదు. కాని ముఖం ఫొటోలో పడాలి. ఫొటో తీసేవాడేమో మగవాడు! ఈ చిక్కు విడదీయడమెట్లా?

ఇది పొడుపుకథ కాదు సుమండీ. నూటముప్పై యేళ్ళ కిందట మన హైదరాబాదులో, నవాబుల దేవిడీలలో నిజంగా తలెత్తిన చిక్కు. దొరబాబులందరూ దర్జాగా కుర్చీలో కూర్చుని, మీసం దువ్వి, కత్తి ఒళ్ళో పెట్టుకుని ఫొటోలు తీయించుకుంటున్నారు. ఆ ఫొటోలు ఇంటికి వస్తే, తెర వెనుక నుంచి చూసి ముచ్చటపడడం వరకే బేగముల వంతు. వారికీ తీయించుకోవాలని ఉండదూ?

ఆ కోరిక కనిపెట్టి దారి చూపినవాడు లాలా దీన్ దయాళ్. ఈయన ఈ ప్రాంతంవాడు కాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో సర్కారు పనుల శాఖలో ఉద్యోగం చేస్తూ, సరదాకి కెమెరా చేతబట్టాడు. సరదా ముదిరితే ఏమవుతుంది? ఉద్యోగం వెనకబడింది, కెమెరా ముందుకు వచ్చింది. 1880ల నడుమ హైదరాబాదు చేరుకుని, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఆస్థాన ఫొటోగ్రాఫరు అయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాం ప్రభువు ఆయనకిచ్చిన బిరుదు 'ముసవ్విర్ జంగ్'. ముసవ్విర్ అంటే చిత్రకారుడు, జంగ్ అంటే యుద్ధం. కత్తి పట్టకుండా, నల్లగుడ్డ కింద తలదూర్చి సంపాదించుకున్న జంగ్ బిరుదన్నమాట!

ఈయన 1892లో హైదరాబాదులో ఒక జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. లోపలికి మగపురుగుకు ప్రవేశం లేదు. తెరిచిన దీన్ దయాళుకే లేదంటే చూసుకోండి! లోపలి పెత్తనమంతా ఒక ఆంగ్ల వనితది. ఆమె మిసెస్ కెన్నీ లెవిక్. పత్రికారంగంలో పనిచేసే ఒకాయన భార్య. ఘోషా స్త్రీలు అక్కడికి వచ్చి, మేలిముసుగు తొలగించి, నిర్భయంగా కెమెరా వైపు చూడవచ్చు.

ఈనాడు మనకిది నవ్వులాటగా తోస్తుంది. కాని ఆలోచించి చూడండి. అద్దంలో తప్ప తన ముఖం తాను ఎరగని ఇల్లాలు ఆమె. అద్దం ముందు నుంచి తప్పుకుంటే అద్దంలోనూ ఉండదు. తాను లేనప్పుడు కూడా తన రూపం ఒక కాగితం మీద నిలిచి ఉంటుందని తెలిసిన క్షణాన ఆమెకెట్లా ఉండి ఉంటుందో!

ఆ రోజుల్లో ఫొటో అంటే గాజుపలక. పలక మీద వెండి లవణాల పూత, ఆ పూత మీద వెలుతురు వాత. అంతకుముందు తరంలో అయితే పలకకు తడిపూత పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటిగదిలో కడగవలసి వచ్చేది. ఎదుటివారు కొన్ని క్షణాలపాటు బొమ్మల్లా కదలకుండా ఉండాలి. మెడ కదలకుండా వెనుక ఇనుప పట్టు ఒకటి పెట్టేవారు. ఇంత శిక్షలో నవ్వెక్కడి నుంచి వస్తుంది? 1880ల నాటికి పొడిపూత పలకలు బజారులోకి వచ్చి, ఈ యాతన చాలావరకు తగ్గింది. అయినా ఫొటో అనగానే బిగుసుకుపోయే అలవాటు మాత్రం మన తాతల దాకా పోలేదు.

ఇంకొక వింత చెబుతాను. మీ ఇంట ముత్తవ్వల నాటి ఫొటో ఉంటే తీసి చూడండి. ఆమె నుదుట బొట్టు కారునలుపుగా ఉంటుంది. ఎర్రని కుంకుమ నల్లగా ఎందుకయిందని మా కాలేజీ పిల్లలు అడుగుతుంటారు. ఆనాటి పలకలకు నీలం బాగా తెలుసు, ఎరుపు మాత్రం తెలియదు. ఎరుపు వాటి కంటికి చీకటితో సమానం. అందుకే ఎర్రంచు చీర నల్లంచు చీర అయింది, నీలాకాశం తెల్లకాగితమయింది. కనక పాత ఫొటోలో రంగు చూసి ఎవరి చీరనూ నిర్ణయించకండి!

అసలు సంగతికి వద్దాం. దీన్ దయాళ్ తీసిన ఫొటోలు ఎందరో దాచారు. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో 2,857 గాజుపలకలు సేకరించింది. 2006లో తపాలాశాఖ ఆయన పేర బిళ్ళ వేసింది. నిజాం వేటలు, వైస్రాయిల విందులు, మేడలు, గుర్రాలు అన్నీ ఉన్నాయి. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు నైజాం రాజ్యానికి వచ్చి, చచ్చిన పులి వెనుక నిలబడి తీయించుకున్న ఫొటో లోకమంతా ఎరుగును. ఆ పులిని చంపిన దొర పేరు మనకు తెలుసు; యేడాదీ తెలుసు. మరి జనానా స్టూడియోలో కూర్చున్న వనితలో? ఆ ఫొటోలు గోడల మధ్య పుట్టి, మళ్ళీ గోడల మధ్యకే పోయాయి. తీసిన ఆమెను కూడా భర్త ఇంటిపేరుతోనే గుర్తుపెట్టుకున్నాం. చచ్చిన పులికి దక్కిన చరిత్ర బతికిన ఆడదానికి దక్కలేదంటే తప్పా?

నవాబులను తప్పుపట్టి చేతులు దులుపుకుందామంటే వీలులేదు. మా అమ్మ పెట్టెలో ఒక పెళ్ళి ఫొటో ఉంది. ముందు వరుసలో ఏడుగురు ఆడవారు. మగవారందరి పేర్లూ అట్ట మీద అచ్చులో ఉన్నాయి. ఆడవారికి మాత్రం 'స్త్రీలు' అని ఒకటే మాట. ఎనభై రెండేళ్ళ మా అమ్మ అయిదుగురిని గుర్తుపట్టింది. "ఈమె మా మేనత్త, జంతికలు చేస్తే ఊరంతా వచ్చేది" అన్నది. మిగతా ఇద్దరి దగ్గర వేలు ఆగిపోయింది. "చెప్పడానికి మా అమ్మ ఉంటే బాగుండును" అన్నది. ఆ మాటతో ఇద్దరు మనుషులు మా వంశంలోంచి జారిపోయారు.

ఆ తరంలో కొందరికి ఆపాటి ఫొటో కూడా లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుక్షీణమని భయపడేవారు. చివరకు ప్రాణం పోయాక, కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి, చుట్టూ పిల్లలు నిలబడి తీయించిన ఫొటోయే ఏకైక ఫొటో అయిన ఇల్లాళ్ళున్నారు. పటం కట్టిన ఆ ముఖాన్నే మనుమలు అవ్వ అనుకుని దణ్ణం పెట్టారు.

ఇప్పుడా? మా మాదాపూరులో దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన తెరిచారు. సాయంత్రమయితే ఆఫీసులు వదిలిన ఆడపిల్లలు చెయ్యి చాచి తమ ఫొటో తామే తీసుకుంటారు. తీసేదీ వారే, తీయించుకునేదీ వారే. ఎటొచ్చీ చుట్టూ గోడలు లేని జనానా స్టూడియో! చూసి సంతోషిస్తాను. కాని ఒక్కొక్క ఫోనులో వేలకొద్దీ ఫొటోలు, ఒక్కదానికీ పేరుండదు. ఫోను పాడయితే అంతా గంగపాలు.

అందుచేత ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇంట్లో పెద్దామెను కుర్చీలో కూర్చోబెట్టి, పాత ఫొటోలు ఒళ్ళో పెట్టండి. ఆమె చెప్పిన పేర్లు ఫొటో వెనుక, అంచున, మెత్తని పెన్సిలుతో తేలికగా రాయండి; సిరాకలం వద్దు, ముందువైపుకు ఊరుతుంది. ఊరు, యేడాది కూడా రాయండి. జంతికల సంగతి కూడా రాయండి. ముఖ్యంగా, 'ఫలానావారి భార్య' అని ఊరుకోక, ఆమె పేరే రాయండి.