తెలుగు కన్నడముల చుట్టరికము

కర్నూలు జిల్లాలోని మంత్రాలయము తుంగభద్రా తీరమున నున్నది. ఆవలి యొడ్డు కర్ణాటకములోని రాయచూరు సీమ. 1671లో బృందావన ప్రవేశము చేసిన శ్రీ రాఘవేంద్రస్వామి దర్శనమునకు వచ్చువారిలో కన్నడిగులు పెక్కుమంది. అందుచేత ఇచటి పూల యంగడిలో ‘పూలు’ అను మాటయు, ‘హూవు’ అను మాటయు ఒక్క నోటనే వినవచ్చును. అది విని కన్నడము తెలుగునకు వికృతియని నవ్వు బాలురు కలరు. అది తగదు. పాలు, పులి, పల్లె అను మన మాటలు కన్నడమున హాలు, హులి, హళ్ళి యగును. ప్రాచీన కన్నడమున వీనియందును పకారమే యుండెను. అది తరువాతి కాలమున హకారముగా మాఱినది.

లిపులు రెండును కదంబ లిపి సంతతి. ఒకటి వచ్చినవానికి రెండవది కొలది వారములలో పట్టుబడును. అంతమాత్రమున ఈ భాషలు కవలలని భ్రమింపరాదు. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అని మనము స్త్రీకిని పశువునకును ఒకే క్రియ వాడుదుము. కన్నడిగుడు ఆమెకు ‘బందళు’ అనియు, ఆవునకు ‘బంతు’ అనియు వేఱుచేయును. ఈ విషయమున తెలుగు గోండి, కుయి భాషల తోడిది; భాషావేత్తలు దానిని ఆ శాఖలోనే చేర్చిరి. కన్నడమునకు తమిళ మలయాళములే దగ్గఱి చుట్టములు. అడవి పలుకులను మోటయని యెంచువారికి ఈ మాట రుచింపకపోవచ్చును!

ఈ నదీతీరపు పాఠశాలలలో రెండు లిపులను నేర్పుట మేలు. అందులకు వేఱు పుస్తకము లక్కఱలేదు. మంత్రాలయమునకు వచ్చు కర్ణాటక బస్సుల నొసటి పలకలే చాలును.