సగం దూరమే నయం

డార్జిలింగ్ వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది ఒకటే మాట అంటారు: "రోప్‌వే బాగుంది కానీ, సగంలోనే వెనక్కి తిప్పేశారు." ఆ సగాన్ని నేను సమర్థిస్తాను.

1968లో మొదలైన ఆ రోప్‌వే ఒకప్పుడు సింగమారి నుంచి తేయాకు తోటల మీదుగా, లోయ అడుగున ఉన్న సింగ్లా బజార్ దాకా దిగేది. దూరం దాదాపు 8 కిలోమీటర్లు. దేశంలో ప్రయాణికుల కోసం వేసిన తొలి రోప్‌వేల్లో అదొకటి. 2003 అక్టోబరులో క్యాబిన్లు లోయలో పడి నలుగురు పర్యాటకులు చనిపోయారు. ఎనిమిదేళ్లకు పైగా మూతపడి, 2012లో మళ్లీ తిరిగింది. కానీ దారి మధ్యలో ఉన్న తుక్వార్ వరకే.

విశాఖలో క్రేన్ల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. క్రేన్‌కైనా రోప్‌వేకైనా ఆధారమైన వైర్ రోప్‌కు (ఉక్కు తాడుకు) వాడినకొద్దీ ఆయుష్షు తరుగుతుంది. గ్రీజు ఆరిందా, మందం తగ్గిందా, ఒక్కో మెలికలో ఎన్ని పోగులు తెగాయి అని చూసి రిజిస్టరులో రాసేవాళ్లం. లెక్క హద్దు దాటితే, పైకి ఎంత నిగనిగలాడినా ఆ తాడు తీసెయ్యాల్సిందే. "ఇంకో నెల లాగుతుంది సార్" అంటే ఒప్పుకునేవాళ్లం కాదు.

రోప్‌వేలో తాడుతో పాటు క్యాబిన్‌ను పట్టి ఉంచే గ్రిప్పులు, పుల్లీలు కూడా అరుగుతాయి. వాటిని విప్పి చూడాలంటే సర్వీసు ఆపాలి. సీజన్లో, కౌంటర్ ముందు క్యూ ఉండగా, ఆపడానికి ఎవరికీ చేతులు రావు. అసలు ముప్పు అక్కడుంది. 2022 ఏప్రిల్‌లో దేవ్‌ఘర్ దగ్గర త్రికూట పర్వతం మీద రోప్‌వే ప్రమాదం జరిగి ముగ్గురు చనిపోయారు. గాల్లో చిక్కుకున్నవాళ్లను దించడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. అదేమీ డార్జిలింగ్ అంత పాత రోప్‌వే కాదు.

అందుకే సింగ్లా దాకా మళ్లీ వెయ్యాలని అడిగేవాళ్లు ముందు ఉన్నదాని రిజిస్టరు చూపించమనాలి. మనకూ కైలాసగిరిలో, శ్రీశైలం పాతాళగంగ దగ్గర రోప్‌వేలున్నాయి. టికెట్ ధరల బోర్డు పక్కనే ఇంకో బోర్డు పెట్టాలి: తాడు ఎప్పుడు మార్చారు, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, సంతకం ఎవరిది. ఆ బోర్డు కనబడకపోతే, టికెట్ కొనేముందు అడగండి.