బిడ్డతో కూడ తల్లికి చోటీయుడు

మద్యపానమునుగూర్చి మన దేశమున సభ జరిగినపుడెల్ల ఒకే చిత్రము మనకండ్లయెదుట నిలుచును: త్రాగి తూలు భర్త, గడపకడ కన్నీరు నించు భార్య. ఈ చిత్రము అసత్యము కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు దిద్దుకొన్న స్త్రీలు సారాపై తిరుగబడి, ఆ ఉద్యమమును ఆంధ్రదేశమంతట వ్యాపింపజేసినది ఈ బాధవలననే. 1993లో సారా నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును ఆ తల్లుల పోరాటమే మూలము. ఆ నిషేధము 1997లో సడలినను వారి కీర్తి సడలలేదు. అయినను ఆ చిత్రమున చోటు దొరకని స్త్రీ యొకతె కలదు. ఆమె తానే వ్యసనమునకు లోబడినది, ఇల్లు కోల్పోయినది, చంకలో బిడ్డ యున్నది. ఆమెనుగూర్చియే మేము నేడు వ్రాయుచున్నాము.

అట్టివారు మన దేశమున లేరనువారు లెక్కలు చూడవలెను. కేంద్ర ప్రభుత్వము అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థచే జరిపించి 2019లో ప్రకటించిన పరిశీలనము ప్రకారము మద్యము సేవించువారు పురుషులలో నూటికి 27.3, స్త్రీలలో నూటికి 1.6. ఈ రెండవ అంకె చిన్నదిగా కనబడును. కాని ఇంతటి జనాభాలో నూటికి ఒకటిన్నర యన్నను లక్షలకు లక్షలు. తెలంగాణమున కల్లు స్త్రీలకును అలవాటైన పానీయము. దానిలో నిద్రమందులు కలిపి అమ్ము దుర్మార్గము అక్కడ ఎంతకాలముగనో సాగుచున్నది. 2015లో అధికారులు ఈ కల్తీని గట్టిగా అరికట్టినపుడు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో ఎందరో ఒక్కసారిగా వణకు, మూర్ఛలు, మతిభ్రమణములతో ఆసుపత్రుల పాలైరి. వారిలో స్త్రీలును ఉండిరి. వారు తాము మందునకు బానిసలమైతిమని ఎఱుగకయే బానిసలైరి!

స్త్రీవిషయమున ఈ రోగము మఱింత క్రూరము. ఆమె శరీరమున నీటి పాలు తక్కువగుటచే అదే కొలత మద్యము ఆమె నెత్తురున ఎక్కువ చిక్కనగును. కాలేయము త్వరగా చెడును. దీనికి తోడు లోకనింద. త్రాగిన మగవానిని భార్యయో, తల్లియో బండినెక్కించి ఆసుపత్రికి తెచ్చును. త్రాగిన ఆడుదానిని తెచ్చువారెవరు? పుట్టినిల్లు తలుపు మూయును. మెట్టినిల్లు వీథికి నెట్టును. పిదప ఆమెకు రైలునిలయము, వంతెన క్రిందినీడ, గుడిమెట్లు మాత్రమే దిక్కు. 2011 జనాభా లెక్కలలో ఇల్లు లేనివారుగా నమోదైనవారు 17 లక్షల 70 వేలకు పైబడియుండిరి. అట్టి బ్రదుకున రాత్రి భయమును మఱచుటకు త్రాగుట, త్రాగినందున మఱల గూడు దొరకకుండుట. ఈ రెండును ఒకదాని నొకటి పెంచును.

ఆమె బాగుపడ దలంచినచో ఏమగును? మన పట్టణములలో సాధారణముగ ఆమెకు రెండు తలుపులు కనబడును. వ్యసనవిముక్తి కేంద్రములు పెక్కు పురుషులకొఱకే నడుపబడుచున్నవి. స్త్రీలను చేర్చుకొనునవి కొన్నియున్నను బిడ్డలకు చోటులేదందురు. నిరాశ్రయ స్త్రీల వసతిగృహము బిడ్డకు చోటుకలదనును గాని త్రాగుడలవాటున్న తల్లికి లేదనును. ఒకచోట బిడ్డ అడ్డము, వేఱొకచోట రోగమడ్డము. బిడ్డను విడిచిన వైద్యము, వైద్యమును విడిచిన బిడ్డ: ఈ రెండింటిలో నొకటి కోరుకొమ్మని తల్లి నడుగుట న్యాయమా? బిడ్డను తీసికొనిపోవుదురను భయముతోనే పెక్కండ్రు తల్లులు తమ రోగమును దాచుకొందురు.

ఒక్క వైద్యముతో కార్యము ముగియునా యనిన, ముగియదు. చిరకాలము అధికముగ త్రాగినవారు హఠాత్తుగ మానినచో మూర్ఛలు కలుగును. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయమును గలదు. కావున మాన్పించుట వైద్యుని పర్యవేక్షణముననే జరుగవలెను. అది కొలది దినములపని. మానినదానిని నిలుపుకొనుట నెలలపని, ఏండ్లపని. కొన్నివారములకు ఆమెను అదే వంతెన క్రిందికి, అదే దుకాణము చెంతకు పంపి, మఱల త్రాగినదని నిందించుట, పుండు కడిగి బురదలో కూర్చుండబెట్టి మానలేదనుట వంటిది. మందు ఎంత యవసరమో గూడు అంత యవసరము.

చట్టము ఈ మాట నెన్నడో ఒప్పుకొన్నది. నివాసము జీవనహక్కులో భాగమని సర్వోన్నత న్యాయస్థానము 1995లో ఛమేలీసింగు వ్యాజ్యమున తీర్మానించెను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్య, మాదకద్రవ్యముల దుర్వినియోగమువలని మానసిక స్థితులను తన పరిధిలోనికి తెచ్చెను. దాని 19వ విభాగము ఆసుపత్రిలో ఉండనవసరములేని వారికై సమాజమధ్యమున వసతిగృహములు ఏర్పఱచుట ప్రభుత్వ విధి యనుచున్నది. చికిత్స పొందు తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగ వేఱుచేయరాదని 21వ విభాగము శాసించుచున్నది. 2013లో వెలువడిన పట్టణ నిరాశ్రయుల వసతి నియమములు లక్ష జనాభాకు నూర్గురికి చోటుండవలెననియు, స్త్రీలకును వారి పిల్లలకును ప్రత్యేక గృహము లుండవలెననియు నిర్ణయించెను. చట్టము కలదు, ఇల్లు లేదు!

త్రాగుబోతులకు ప్రజాధనమా యని కొందఱందురు. మద్యపు టోకు వ్యాపారము రెండు తెలుగు రాష్ట్రములందును ప్రభుత్వ సంస్థల చేతిమీదుగనే జరుగుచున్నది. ఆ యాదాయముతో బొక్కసము నింపుకొనునపుడు లేని సంకోచము, అందొక చిన్నపాలు రోగికి వెచ్చించునపుడు ఏల? అట్టి తల్లిచెంత బిడ్డ క్షేమమా యని మఱికొందఱందురు. బిడ్డకు హానియున్నదని వైద్యుడు తలంచినచో తాత్కాలికముగ వేఱుచేసి, పదునైదు దినముల కొకసారి ఆ నిర్ణయమును పునర్విమర్శింపవలెనని పైచట్టమే చెప్పుచున్నది. దాదులు కనిపెట్టియుండు ఇంటికంటె వంతెనక్రిందు క్షేమమా? మద్యనిషేధమే మందని ఇంకొందఱందురు. నిషేధమును రాజ్యాంగము 47వ అధికరణమున ఆదర్శముగ నిలిపినది. మేమును దానిని కోరువారమే. కాని ఇదివఱకే రోగముపాలైనవారికి దుకాణము మూయుట చికిత్స కాదని 2015నాటి అనుభవమే చాటుచున్నది.

మేము కోరునది గొప్ప భవనములు కావు. ప్రతి జిల్లా కేంద్రమున ప్రభుత్వాసుపత్రికి చేరువగ ఒక ఇల్లు. అందు తల్లికిని బిడ్డలకును కలిపి ఒక గది. తలుపునకు లోపలి గడియ. ఒక ఏడాదియైన నిలువనీడ. స్త్రీ సిబ్బంది, వారమువారము వైద్యుని రాక. చంటిపిల్లలకు అంగన్‌వాడీ, పెద్దవారికి బడి. చిరునామా లేక రానిపోయిన ఆధారుకార్డును, రేషనుకార్డును ఇప్పించుట, చేతికొక పని, పొదుపు సంఘమున ప్రవేశము. ముఖ్యముగ, ఒకమారు జాఱినంతనే వెళ్లగొట్టకుండుట. జాఱుట ఈ రోగ లక్షణము. రోగము తిరుగబెట్టినదని రోగిని తఱిమివేయు వైద్యశాల ఎక్కడనైన కలదా?

పఠనమందిరములలో ఈ పత్రికను చదువు సోదరులారా! రేపు మీ పురపాలక సంఘ సభ్యుని కలిసికొని మూడు ప్రశ్నలడుగుడు. మన పట్టణమున నిరాశ్రయ స్త్రీలకు ఇల్లెన్ని? వ్యసనమునుండి కోలుకొనుచున్న తల్లిని అందు చేర్చుకొందురా? ఆమె బిడ్డను ఎక్కడ ఉంచుదురు? సమాధానము రానిచో మఱల అడుగుడు, వ్రాతమూలముగ అడుగుడు, సమాచారహక్కు చట్టము 2005నుండి మీ చేతిలోనున్నది. దూబగుంట తల్లులు చదువు నేర్చిన కొలదినెలలకే దొరతనమును కదలించిరి. పట్టములు పొందిన మనము ఒక్క తలుపు తెఱిపింపలేమా?