పదియవ ఆటగాడు

బేస్‌బాల్ ఆటలో బంతి నాపుటకై బరిలో నిలుచు జట్టునకు తొమ్మండుగురే యుందురు. కాని అమెరికా దేశమున ఆ యాటను చూడబోవు జనసామాన్యము తామే పదియవ ఆటగాడమని నమ్ముచున్నారు. తమ కేకలకు ఎదిరిపక్షమున బంతి విసరువాని చేయి తడబడుననియు, టోపీలను లోపలివైపు వెలుపలికి త్రిప్పి పెట్టుకొన్నచో ఓడిపోవుచున్న తమ జట్టు తేరుకొనుననియు వారి విశ్వాసము. మన నాటకశాలలలో పద్యపద్యమునకు 'వన్సుమోర'ని అఱచి, చచ్చిపడిన పాత్రను లేపి మరల పాడించిన ప్రేక్షకమహాశయుల నెఱిగినవారికి ఈ పదియవ ఆటగాడు క్రొత్తవాడు కాడు. నూఱేండ్లకు పైబడి ఆచారముపై ఆచారము కల్పించుకొని ఆ దేశపు ప్రేక్షకులు ఆటలో తమకొక పాలు సంపాదించుకొన్నారు. అందులకు మాకు సంతోషమే. గెలుపులో పాలు గోరునట్టి యీ పదియవవాడు ఓటమిలోను, అపచారములోను తన పాలు ఒప్పుకొనుచున్నాడా యనునదియే మా ప్రశ్న.

ఆట నెఱుగని చదువరులకొక మాట. ఇదియు క్రికెట్టువలె బంతిని కఱ్ఱతో కొట్టు ఆటయే. రెండు జట్లును వంతులవారీగా తొమ్మిది ఇన్నింగ్సు లాడును. ముగ్గురు అవుటైనంతనే వంతు మాఱును. ఏడవ ఇన్నింగ్సు నడిమి విరామమున ప్రేక్షకులందఱును లేచి నిలిచి, ఒళ్లు విఱిచికొని, ఏకకంఠముతో నొక పాట పాడుదురు. 1908లో జాక్ నార్వర్తు వ్రాసిన ఆ పాటలో ఒక పడుచు తన్ను నాటకమునకు గాక ఆటకు దీసికొనిపొమ్మని ప్రియుని కోరును. దానిని వ్రాయునప్పటి కాయన యొక్క బేస్‌బాల్ ఆటనైన చూచి యెఱుగడని ప్రసిద్ధి! పల్లవి యందఱకును కంఠస్థము. చరణములలోని కథ పాడువారికే తెలియదు.

జాతీయగీతము సంగతియు నిట్టిదే. 1918లో మొదటి మహాయుద్ధకాలమున షికాగోలో జరిగిన ప్రపంచ పోటీ మొదటి యాటలో, ఏడవ ఇన్నింగ్సు విరామమున బ్యాండువారు 'నక్షత్రఖచిత పతాక' గీతమును వాయింపగా జనులు లేచి గొంతు కలిపిరి. అది శాసనము ననుసరించి జాతీయగీతమైనది 1931లో. అనగా శాసనకర్తలకంటె పదుమూడేండ్లు ముందే గ్యాలరీలలోని జనులు దానిని అంగీకరించిరన్నమాట. 2001 సెప్టెంబరు దాడుల తరువాత ఆ విరామముననే భగవత్ప్రార్థనారూపమైన మఱియొక గీతము చేరినది. అంతవఱకు బాగుగనే యున్నది. కాని 2008లో న్యూయార్కు నగరమున ఆ గీతము సాగుచుండగా మూత్రశాలకు పోవ లేచిన యొక ప్రేక్షకుడు పోలీసులు తన్ను వెలుపలికి నెట్టిరని వ్యాజ్యము వేయగా, మఱుసటి యేట నగరపాలకులు రాజీపడవలసివచ్చెను. జనులు తమంతట లేచి నిలుచుట వేఱు, వారిని నిలువబెట్టుట వేఱు.

ఇక మూడవ యాచారము. కొట్టిన బంతి గీతదాటి గ్యాలరీలలో పడినచో అది పట్టుకొన్నవానిది. ఈ హక్కు ఊరక వచ్చినది కాదు. పూర్వము క్లబ్బుల నౌకరులు వచ్చి బంతిని లాగికొనిపోవుచుండిరి. 1916లో షికాగో కబ్స్ జట్టు యజమాని వీగ్మన్ దానిని ప్రేక్షకులే యుంచుకొనవచ్చుననెను. 1921లో న్యూయార్కు పోలో గ్రౌండ్సులో బంతి నీయనని మొండికెత్తిన యొకని వెలుపలికి బంపగా, ఆతడు న్యాయస్థానమున 100 డాలర్ల పరిహారము గెలిచెను. నాటినుండి బంతికై చేయి చాపుట ప్రేక్షకుని ధర్మమైనది. తండ్రులు బిడ్డల చేతులకు తోలుతొడుగులు తొడిగి తీసికొనివత్తురు. ఈ చాపిన చేతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొందురు గాక.

2003 అక్టోబరు 14వ తేది రాత్రి షికాగో నగరమున రిగ్లీ ఫీల్డు ప్రాంగణము క్రిక్కిఱిసియున్నది. అచటి కబ్స్ జట్టు ప్రపంచ పోటీ గెలిచి తొంబదియైదేండ్లైనది; 1908 తరువాత గెలుపే లేదు. 1945 తరువాత ఆ పోటీ గడపయైనను త్రొక్కలేదు. ఆ రాత్రి గెలిచినచో గడప దాటుదురు. ఎనిమిదవ ఇన్నింగ్సులో 3-0 ఆధిక్యము. ఇంక అయిదుగురు అవుటైన చాలును. అప్పుడు ఫ్లోరిడా జట్టువాడు కొట్టిన బంతి యెడమవైపు గ్యాలరీ అంచున దిగెను. కబ్స్ ఆటగాడు మోయిజెస్ అలూ గోడకానుకొని యెగిరెను. గ్యాలరీలోనుండి మూడు నాలుగు జతల చేతులు లేచెను. వానిలో నొక చేయి తగిలి బంతి జాఱెను. అది గ్యాలరీపై దిగిన బంతి గనుక ప్రేక్షకుని తప్పు లేదని అంపైరు తేల్చెను. అలూ మాత్రము చేతితొడుగు విదిలించి, గ్యాలరీవైపు చూచి కోపించెను.

అటుపిమ్మట జరిగినదేమి? బంతి విసరువాడు గుఱితప్పెను. షార్ట్‌స్టాపు స్థానమున నిలిచిన అలెక్స్ గోంజాలెజ్ చేతికి వచ్చిన సులభమైన బంతిని వదలెను. ఆ యొక్క ఇన్నింగ్సులో ప్రత్యర్థులకు ఎనిమిది పరుగులు వచ్చి, ఆట 8-3తో పోయెను. మఱునాడు మఱొక యాట యుండెను. అందును కబ్స్ ఓడిరి. ఈ ఆటగాళ్ల కెవ్వరికిని గ్యాలరీనుండి శాపములు తగులలేదు. వారి కోపమంతయు చెవులకు రేడియో తగిలించుకొని కూర్చున్న ఆ చేతివానిపైననే పడెను. నలుబదివేలకు కొంచెము తక్కువ జనము. వారిలో వేలకొలది యాతని వ్రేలెత్తి చూపి తిట్టిరి. బీరు గ్లాసులు విసరిరి. కావలివారు ముఖముపై వస్త్రము కప్పి ఆతని దాటించిరి. ఇంటియొద్ద పోలీసులు కాపలా యుండవలసివచ్చెను. ఇతనికి నేను క్షమాభిక్ష పెట్టనని ఆ రాష్ట్రపు గవర్నరు బ్లాగోయెవిచ్ హాస్యమాడెను. ఈ గవర్నరుగారే పిమ్మట లంచగొండితనమునకు కారాగారమున కేగి, 2025లో తామే క్షమాభిక్ష పుచ్చుకొనిరి. కాలమునకు హాస్యము తెలియును.

ఆ బంతిని ఒక భోజనశాలవారు 1,13,824 డాలర్లకు కొని, 2004 ఫిబ్రవరిలో జనసమక్షమున మందుపెట్టి పేల్చివైచిరి. దిష్టి తీసి త్రోవల కూడలిలో పగులగొట్టు నాచారము మన యూళ్లయందును కలదు; కాని మనవారు పగులగొట్టునది గుమ్మడికాయను. షికాగోవారు బంతిని పగులగొట్టుటకు ముందే ఒక మనుష్యుని బ్రదుకును పగులగొట్టిరి.

ఆతనిచుట్టు లేచిన తక్కిన చేతుల మాటయేమి? అవి అందుకొనలేకపోయినవి గనుక నిర్దోషులైనవి. బంతికై చేయి చాపవలెనని యాతనికి నేర్పినదెవరు? ఎనుబదియేండ్లుగా ఆ యాచారమును కొనియాడుచు వచ్చిన గ్యాలరీయే గదా! ఆ నగరమున 1945నుండి మఱియొక కథ కలదు: ఎవరో తన మేకను ఆటకు తీసికొనిరాగా ద్వారపాలకులు రానీయలేదనియు, ఆ శాపముననే తమ జట్టు గెలువదనియు. మొదట మేక, పిమ్మట మనుష్యుడు. 2016లో కబ్స్ గెలువనే గెలిచిరి. మఱుసటి యేట క్లబ్బువారు ఆతనికి విజేతల యుంగరమొకటి యిచ్చి కొంత దోషనివృత్తి చేసికొనిరి. అది యజమానుల యుంగరము, గ్యాలరీవారిది కాదు.

యజమానుల నింతటితో విడువరాదు. 1974 జూన్ 4న క్లీవ్‌లాండు క్లబ్బువారు పది సెంట్లకొక గ్లాసు బీరు అమ్మెదమని చాటింపగా 25,134 మంది వచ్చిరి. త్రాగినకొలది బరిలోనికి దిగువారు, బట్టలు విప్పి పరుగెత్తువారు, వస్తువులు విసరువారు హెచ్చిరి. తొమ్మిదవ ఇన్నింగ్సులో ఆట 5-5 సమముగా నుండగా కొందఱు టెక్సాసు ఆటగాడు జెఫ్ బరోస్ మీద పడిరి. టెక్సాసు జట్టు నాయకుడు బిల్లీ మార్టిన్ తనవారికి కఱ్ఱలిచ్చి పరుగెత్తించెను. వారిని జనము చుట్టుముట్టగా, క్లీవ్‌లాండు ఆటగాండ్రే తామును కఱ్ఱలు గొని తమ యభిమానులనుండి తమ ప్రత్యర్థులను కాపాడిరి! అంపైరు నెస్టర్ చైలాక్ ఆటను టెక్సాసు పరము చేసెను. జనులనే నిందించుట సులభము. వారి చేతికి గ్లాసునిచ్చినవారు మాత్రము సొమ్ము లెక్క చూచుకొనిరి. 2023లో క్రొత్త నిబంధనలవలన ఆట త్వరగా ముగియసాగగా, ఏడవ ఇన్నింగ్సుతో ఆపవలసిన బీరు అమ్మకమును కొన్ని క్లబ్బులు ఎనిమిదవదాక పొడిగించినవి. ఇండ్లకు పోవు జనుల క్షేమమున కది మంచిదికాదని ఫిలడెల్ఫియా బంతి విసరువాడు మాట్ స్ట్రామ్ బహిరంగముగా ననెను. ఆటగాడు చెప్పవలసివచ్చిన మాట యజమానులకు తోచలేదా?

జపానులోను ఈ యాట ప్రాణసమానము. గ్యాలరీ తీరు మాత్రము వేఱు. అచట అభిమానుల దండులకు బాకాలు, డోళ్లు, నాయకులు నుందురు. కొట్టవచ్చు ప్రతి యాటగానికి వేఱువేఱు పాట. తమ జట్టు కొట్టువంతున పాడుదురు. ఎదిరి వంతున మిన్నకుందురు. 1915లో నారంభమైన యున్నతపాఠశాలల పోటీలో ఓడిన బాలురు కోషియెన్ ప్రాంగణపు మన్ను గుప్పిళ్లతో నెత్తి సంచులలో నింపుకొని పోవుదురు. ఓటమిని తమ చేతులతోనే మోసికొనిపోవు ఆ బిడ్డల యాచారము మాకు మిక్కిలి గౌరవపాత్రము. పెద్దలు మాత్రము పెద్దలే. 1985లో హాన్షిన్ జట్టు గెలువగా ఒసాకా జనులు సంబరమున కోడిమాంసపు దుకాణము ముందున్న గడ్డపు దొర విగ్రహమును కాలువలో పడద్రోసిరి. ఆటు తరువాతి యోటములన్నిటికిని ఆ దొర శాపమే కారణమనిరి. 2009లో విగ్రహము దొరకినను, గెలుపు 2023లో గాని రాలేదు. మేకకన్న, మనుష్యునికన్న బొమ్మయే మేలని మా యభిప్రాయము.

గ్యాలరీలలో పుట్టు అపచారములలో అన్నిటికంటె హేయమైనది వర్ణద్వేషము. సెయింట్ లూయిస్ ప్రాంగణమున 1944 వఱకు నల్లజాతి ప్రేక్షకులు కుడివైపు మూలనే కూర్చుండవలెను. 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లో జాకీ రాబిన్సన్ బరిలో దిగినది మొదలు ఎన్ని యూళ్ల గ్యాలరీలనుండి ఎన్ని దూషణలు పడెనో! 1974లో హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్‌తో బేబ్ రూత్‌ను మించబోవునప్పుడు ఆయనకు చంపెదమని ఉత్తరములు కుప్పలుగా వచ్చెను. ఏప్రిల్ 8న ఆ బంతి గోడ దాటగా అట్లాంటాలో 53,775 మంది లేచి జయధ్వానములు చేసిరి, ఇదియు జనమే. ఆ యట్లాంటాలోనే 1991నుండి వేలకొలదిజనులు ముంజేతులాడించుచు ఆదివాసుల గండ్రగొడ్డలి నభినయించుట వేడుకైనది. అది మా వారిని కించపఱచుటయేయని చెరోకీ జాతీయుడైన ఆటగాడు రయన్ హెల్స్‌లీ 2019లో చెప్పగా, క్లబ్బువారు ఒక్కయాటకు బొమ్మగొడ్డళ్లు పంచుట మానిరి. 2021 ప్రపంచ పోటీలో చేతులు మరల ఆడెను. క్లీవ్‌లాండువారు మాత్రము ఆదివాసులను సూచించు తమ పాత పేరునే విడిచి, 2022నుండి గార్డియన్సను పేర నాడుచున్నారు.

పదియవవాడు తన పాలు మోయజాలడని కొందఱు వాదింతురు. గుంపునకు ఆత్మ యెక్కడిది, అందఱు చేసినది ఎవ్వరును చేయనిదే యగునని వారి తర్కము. దీనికి మా సమాధానము బోస్టనులో జరిగినది. 2017 మే 1వ తేది రాత్రి ఫెన్వే పార్కులో బాల్టిమోరు ఆటగాడు ఆడమ్ జోన్స్‌ను కొందఱు జాతిపేరిట నీచముగా దూషించి, వేరుసెనగల సంచి విసరిరి. ఆ ప్రాంగణపు జట్టు నల్లజాతి ఆటగానిని చేర్చుకొనుటలో దేశమున కట్టకడపటిది; 1959 వఱకు తలుపు తీయలేదు. మఱునాడు క్లబ్బువారును, నగరాధ్యక్షుడును, గవర్నరును క్షమాపణ చెప్పిరి. అది వారి విధి. ఆ సాయంకాలము జోన్స్ మొదటిసారి కొట్టుటకు రాగా గ్యాలరీలలోని జనులు ఎవరి యాజ్ఞయు లేకయే లేచి నిలిచి చప్పట్లు చఱచిరి. వారిలో అధికులు ముందునాటి రాత్రి అచట లేనేలేరు. తిట్టినవారు వారు కారు. మాకేమి సంబంధమని కూర్చుండియున్నను తప్పుపట్టువారు లేరు. బోస్టను పక్షమున బంతి విసరవలసిన క్రిస్ సేల్ మిట్టనుండి వెనుకకు దిగి, చప్పట్లు సాగినంతసేపును బంతి చేతబట్టుకొని ఊరక నిలుచుండెను.