మోహినియు సీతయు

లవకుశ చిత్రము ప్రదర్శింపబడినప్పుడెల్ల శ్రీమతి అంజలీదేవిని స్మరించుట తెలుగువారికి పరిపాటి. 1963లో విడుదలయైన ఆ చిత్రమును చూచి, గ్రామసీమలలో ఆమెను సాక్షాత్తు సీతాదేవిగనే తలచి నమస్కరించినవారు కలరు. నటికి ఇంతకంటె గౌరవమేమి కావలయునని తోచవచ్చును. కాని ఆ నమస్కారముల వెనుక నటి శ్రమ మరుగుపడినది. ఆమె సీతవలె ఉండెనని అందురే కాని, సీతగా నటించెనని అనువారు అరుదు.

1927లో పెద్దాపురమున జన్మించిన అంజలీదేవికి నటనలో ఓనమాలు దిద్దించినది కాకినాడ రంగస్థలము. ఎస్.వి. రంగారావుగారు మెలగిన యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆమె చిన్ననాడే వేషము కట్టెను. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు స్త్రీ పాత్రలు ధరించి ప్రేక్షకులను మురిపించిన కాలమది. ఆడపిల్ల ముఖమునకు రంగు పూసికొనుట లోకము మెచ్చని పని. అట్టి దినములలో, కడపటి వరుసలోని వానికి సయితము వినబడునట్లు పలుకుట ఆమె అభ్యసించెను. ఆ నాటకములకు సంగీతము కూర్చిన పి. ఆదినారాయణరావుగారే పిమ్మట ఆమెకు భర్త అయిరి.

1947లో సి. పుల్లయ్యగారు గొల్లభామ చిత్రమున ఆమెకు మోహిని పాత్ర నొసగిరి. సీతను మాత్రమే ఎరిగిన విద్యార్థులకు ఇది వింతగా తోచును. తొలుత ప్రేక్షకులను ఆకట్టుకొన్నది ఆమె నాట్యము, విలాసము. లవకుశను ప్రారంభించినవారును ఆ పుల్లయ్యగారే. పూర్తి చేసినవారు వారి కుమారులు సి.ఎస్. రావుగారు. అందెల సహాయము లేక, చూపుతో, మాటతో నిలుపవలసిన పాత్ర సీత. మోహినిని మెప్పించిన నటి ఈ పాత్రలో ఒదుగుట మాటలతో పోవునది కాదు.

మరియొక సంగతి. ఫ్రాన్సు దేశపు మహానటి సారా బెర్న్‌హార్ట్ 1899లో పారిస్ నగరమున ఒక నాటకశాలను చేపట్టి, దానికి తన పేరే పెట్టుకొనెను. మన దంపతులు నెలకొల్పిన నిర్మాణ సంస్థ పేరు అంజలీ పిక్చర్స్. భర్త పేరుగల సంగీత దర్శకుడైనను, సంస్థ నటి పేరనే వెలసినది. పరదేశి, అనార్కలి, సువర్ణసుందరి ఆ సంస్థ చిత్రములే. వీనిలో 1957 నాటి సువర్ణసుందరి హిందీలో కూడ నిర్మితమైనది.

2014 జనవరి 13న ఆమె చెన్నైలో కన్ను మూసెను. బాలబాలికలకు లవకుశను చూపు ఉపాధ్యాయులు, వీలైనచో, గొల్లభామను కూడ చూపవలెను. రెంటికి నడుమ పదునారేండ్లు. మొదటి దానిలోని మోహినికి ఇరువది యేండ్లు ఇంకను నిండలేదు.