గంట ఆగితే నీళ్లే చెబుతాయి

పోయిన నెలంతా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ఫ్లష్ నీళ్లు కంపు కొడుతున్నాయని. వాడిన నీళ్లను శుద్ధి చేసే ఎస్టీపీ మా సెల్లార్‌లోనే ఉంది. మెయింటెనెన్స్ వాళ్లు రోజూ లాగ్‌షీట్ ఫొటో పెడతారు. అందులో ‘సెటిలబుల్ సాలిడ్స్’ గడిలో నెలంతా ఒకే అంకె: 0.1. కోడ్ రాసుకుని బతికేవాణ్ని కదా, నాకు డౌటొచ్చింది. ఏ రోజూ మారని రీడింగంటే ఎవరో హార్డ్‌కోడ్ చేసినట్టే!

ఆదివారం కిందికి దిగి ఆపరేటర్‌ని అడిగా. “అన్నా, ఈ టెస్ట్ ఎట్లా చేస్తారు?” ఆయన కాస్త తటపటాయించి, అలమరలోంచి దుమ్ము పట్టిన గాజు గొట్టం ఒకటి తీశాడు. ఐస్‌క్రీమ్ కోన్‌లా ఉంది. పేరు ఇమ్‌హాఫ్ కోన్. కార్ల్ ఇమ్‌హాఫ్ అనే జర్మన్ ఇంజనీర్ పేరే దానికి పెట్టారు.

పద్ధతి సింపుల్. మడ్డి పేరుకునే ట్యాంకు దాటి వచ్చిన నీళ్లు పట్టి, బాగా కలిపి, కోన్‌లో లీటరు గీత దాకా పోయాలి. 45 నిమిషాలు కదపకూడదు. తర్వాత గోడలకు అంటుకున్నది జారేలా కడ్డీతో మెల్లగా తిప్పి, ఇంకో 15 నిమిషాలు ఆగాలి. అడుగున చేరిన మడ్డి ఎన్ని మిల్లీలీటర్లో చదవాలి. పైన తేలేది లెక్కలోకి రాదు. కొన సన్నగా ఉంటుంది కాబట్టి కొంచెం మడ్డి కూడా కనిపిస్తుంది.

మా అమ్మమ్మ చెరువు నీళ్లు బిందెలో తేరనిచ్చి, పైనీళ్లు వంచుకునేది. ఇదీ అదే. కాకపోతే ఇక్కడ కొలత ఉంది.

పోసినప్పుడు నీళ్లు బాగానే ఉన్నట్టనిపించాయి. గంట తర్వాత అడుగున నల్లటి మడ్డి: 3 మిల్లీలీటర్లు. ట్యాంకులో మడ్డిని టైముకి తోడకపోతే అక్కడే కుళ్లి, పైకి లేచి, నీళ్లతో పాటు బయటికొస్తుంది. ఫిల్టర్‌ని మూసేస్తుంది. కంపు సంగతి అదీ.

“మరి 0.1 అని ఎందుకు రాశావన్నా?”

“నాలుగు అపార్ట్‌మెంట్లు నేనొక్కణ్నే చూస్తా సార్. ఒక్కోచోట గంట కూర్చుంటే ఎట్లా?”

నా కోపం చల్లారిపోయింది. అబద్ధం రాసింది ఆయనే, కానీ ఆ గంటకి డబ్బులివ్వంది మేమే. తక్కువ కొటేషన్ అని చప్పట్లు కొట్టి మరీ ఓకే చేశాం.

అసోసియేషన్ మీటింగ్‌లో ఇదే చెప్పా. ఇప్పుడు మా ప్లాంటుకి రోజూ ఆయన టైము కొంత ఎక్కువ. లాగ్‌షీట్‌తో పాటు కోన్ ఫొటో కూడా పెట్టాలి. ఒకటి గుర్తుంచుకోండి. కోన్ అడుగున ఏమీ లేకపోయినా అవి తాగే నీళ్లు కావు. కరిగిన ఉప్పులు, సూక్ష్మజీవులు ఇందులో తేలవు. వాటికి వేరే టెస్టులున్నాయి.

మడ్డి తోడిన మర్నాడు రీడింగ్ 0.8. ఆ తర్వాత 0.4. నిన్న మళ్లీ 0.6. “పెరిగిందేంటి?” అని గ్రూపులో ఒకాయన గొడవ. నాకైతే సంతోషమే. అంకె కదులుతోంది మరి!